ఫోటో తీసినవారు

మార్చి 3, లక్సెట్టిపేట

తమాండా చిసాలే మీద వ్యాసం పూర్తయింది. మలావిలో ఊరూరా తిరిగి భూగర్భజలాలు కొలిచి, బోరు ఎక్కడ వేయకూడదో చెప్పి తిట్లు తిన్న శాస్త్రవేత్త. నిన్నటిదాకా తెలుగు వికీపీడియాలో ఆమె గురించి ఒక్క ముక్క లేదు. ఇప్పుడుంది. బాగా రాశాను.

గామె మనకేమైతదే అని అడిగింది అవ్వ. ఏం కాదన్నాను. మరి గంత కష్టమెందుకు, గ్రూప్స్‌కు చదువరాదా అని బాపు అందుకున్నాడు.

మార్చి 5

నా వ్యాసాన్ని తెలుగు వికీ మొదటి పేజీకి అనుకుంటున్నారు. ఆదివారంలోగా ఫోటో ఉంటేనే. నెట్లో దొరికేవన్నీ ఇంకొకరివి, పెడితే తీసేస్తారు. ఇంగ్లిష్ పేజీలో కూడా ఆమె ముఖం చోట ఖాళీయే.

రాత్రి

ఆమె దుబాయ్‌లో నీళ్ల సదస్సుకు వస్తోంది! ఆ హాల్లో క్లీనింగ్ పని మా హనుమండ్లు మామది. ఆమె ఫోటో ఒకటి తీసి పంపమని ఫోన్ చేశాను. గంతేనా, ఫికర్ చెయ్యకు కోడలా అన్నాడు.

మార్చి 7

వచ్చింది. ఫోటో ఎంత బాగుందో! ఆమె నవ్వుతోంది. పక్కన మామ, డ్యూటీ దిగినా ఇస్త్రీ యూనిఫాంలోనే, పెళ్లికొడుకులా. క్రాప్ చేస్తే సరి.

అప్పుడు తట్టింది. ఇద్దరూ నిలువెత్తున ఉన్నారు. మరి తీసిందెవరు?

మామతో పనిచేసే యుగాండా అమ్మాయి, నకాటో అట. సెల్ఫీ దిగితే నా కొత్త బూట్లు కనవడుతయా అని మామ ఎదురు ప్రశ్న.

ఎవరు తీస్తే హక్కు వాళ్లది. నకాటో ఒప్పుకుంటూ వికీకి మెయిల్ పంపాలి. నేనే తీసిన అని రాయి, ఎవలకెర్క అన్నాడు. ఫోటోల నువ్వే ఉన్నవు గద మామా అన్నాను. నన్ను కోసేస్తవు గద అన్నాడు.

మార్చి 9, ఆదివారం

నకాటో జవాబు లేదు. డ్యూటీలో ఫోన్ లాకర్లో పెట్టాలట. అప్‌లోడ్ పేజీలో మామ పేరు టైప్ చేశాను. చెరిపాను. వికీలో లేని ఆడవాళ్ల పేర్లు ఎక్కిస్తానని బయలుదేరి, ఒకామె పేరు నేనే మింగేయాలా?

మొదటి పేజీలోకి వేరే వ్యాసం వెళ్లింది. పేజీ మూసేశాను. పడుకున్నాను.

మార్చి 11

మెయిల్ వచ్చింది. ఫోటో ఎక్కింది. కింద నకాటో పేరు.

మార్చి 14

ఇంగ్లిష్‌లో పెట్టారు. ఫ్రెంచ్‌లో ఎవరో పెట్టారు. మలావి వాళ్ల భాష చిచేవాలో కూడా! అంచున మామ భుజం కొంచెం మిగిలింది. గిది మా తమ్ముని అంగే అని అవ్వ వాడకట్టంతా చూపించి వచ్చింది. ఆమె మనకేమవుతుందని ఇప్పుడు అడగడం లేదు.

మార్చి 15

నకాటో తన పేరున్న స్క్రీన్‌షాట్‌ను స్టేటస్ పెట్టుకుందట. గా స్క్రీన్‌షాట్ తీసింది నేనే, నా పేరేది అంటున్నాడు మామ.