మెడ మీద ఒక గొర్రె బరువు

కొలెస్‌బర్గ్,
మే నెల, రెండో ఆదివారం.

నాన్నకు,

నీ కూతురు సారీనా నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ అమ్మ, నేను, గాడిదలు రెండూ బాగానే ఉన్నాం. అక్కడ నీ నడుము, నీ కత్తెర రెండూ బాగున్నాయని తలుస్తాను. ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్న లీనా అత్తను కూడా అడిగానని చెప్పు. అత్తా, చివర్లో ఒక సంగతి ఉంది. దాన్ని మాత్రం గొంతు తగ్గించి చదవకు.

గాడిదలను అమ్మేశావా అని అడిగించావు. లేదు నాన్నా. ఊరి బయట మేతలో ఉన్నాయి. అమ్మ రోజూ రొట్టె ముక్క పట్టుకెళ్లి పలకరించి వస్తుంది. వాటిలో రూయీకి మోకాలి వాపు తగ్గలేదు. అది ఇక బండి లాగలేదు. అమ్మ దగ్గు కూడా పోలేదు. జూన్‌లో మొదలయ్యే ఈ చలికాలం కూడా రోడ్డు పక్కన ప్లాస్టిక్ పట్టా కింద పడుకుంటే ఊపిరితిత్తులు నిలవవని నర్సు తేల్చి చెప్పింది. గట్టి పైకప్పు ఉంటేనే ఆమె నీ వెంట తిరగగలదు. చక్రాల మీద ఇల్లులాంటి ఆ చిన్న కారవాన్ కొన్నది అందుకే. ఒక ఫారంలో నువ్వు గొర్రెల బొచ్చు కత్తిరించడం అయిపోగానే శనివారం నేనే వచ్చి, నా పికప్‌తో ఇంకో ఫారానికి లాగి పెడతాను.

కారవాన్‌ను పికప్‌కు తగిలించే ఆ ఇనుప గుండు దారిలో ఊడిపోదా అని కూడా అడిగావు. మొదట నేను పాత సామాన్ల కొట్లో ఒక కొక్కెం కొన్నాను. మెకానిక్ ప్లాకీ మామ దాన్ని తిప్పి చూసి, "ఇది బంపర్‌కు బిగించేది పిల్లా. సైకిళ్లు కట్టుకో. కారవాన్ కట్టావంటే, బంపర్ దాంతో ఉండిపోతుంది, నువ్వొక్కదానివే ఊరు చేరతావు" అన్నాడు. అందుకని పికప్ అడుగున ఉన్న ఛాసిస్ చట్రానికే రెండు వైపులా బోల్టులతో బిగించేది తెచ్చాం. ఎంత లాగగలదో, గుండు ఎంత మోయగలదో దాని పలక మీదే చెక్కి ఉంది. కారవాన్ వంగకుండా సమంగా నిలబడేలా మామ గుండు ఎత్తు కొలిచి పెట్టాడు. ఒకవేళ గుండు జారినా పట్టి ఉంచడానికి గొలుసు వేశాడు. వెనక దీపాల వైరు కలిపాడు. వంద కిలోమీటర్లు తిరిగాక బోల్టులు మళ్లీ బిగించాలట.

కొక్కెం తప్పు ఏమీ లేదు. తప్పు నాది.

నిన్న కాదు, అంతకు ముందు శనివారం అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని మొదటిసారి లాగి చూశాను. సామాను నేనే సర్దాను. నీళ్ల పీపా, మూడు కాళ్ల ఇనుప కుండ, పిండి బస్తా, అన్నీ వెనక్కి నెట్టాను. బరువు వెనక్కి ఉంటే నొగలు గాడిదల మెడ నొక్కవని నువ్వు నాకు నడక రాకముందే నేర్పావు కదా. వాలు దిగేటప్పుడు కారవాన్ తోకలా ఊగడం మొదలుపెట్టింది. పికప్‌ను కూడా అటూ ఇటూ ఈడ్చింది. వేగం తగ్గించేలోపు కంచె గుంజకు కొట్టుకుని ఆగింది. ఒక పక్క రేకు సొట్టపోయింది. మాకు ఏమీ కాలేదు. అమ్మ దిగి దుమ్ము దులుపుకుని, "గాడిదలైతే ఈపాటికి వాటంతట అవే ఆగేవి" అంది.

ప్లాకీ మామ వచ్చి తలుపు తెరిచి చూశాడు. "ఎవరమ్మా ఇలా సర్దింది?"

"మా నాన్న," అన్నాను. "ఆయనకు చదువు లేదు. గాడిద బండి అలవాటు."

నువ్వు అప్పటికి వారం రోజులుగా అక్కడ ఫారంలో ఉన్నావు.

మామ నవ్వాడు. "బండివాళ్లకు ఈ సంగతులేం తెలుస్తాయిలే" అన్నాడు. నేనూ నవ్వాను నాన్నా. ఇల్లు చేరాక అమ్మ గుమ్మం దగ్గర ఆగి, "మీ నాన్న నిన్ను భుజాల మీద మోసి, వాగు దాటించి బడికి పంపింది ఈ మాట నేర్చుకోడానికా?" అంది.

సోమవారం నేను పనిచేసే బడి వదలగానే మామ షెడ్డుకు వెళ్లాను. "సర్దింది నేనే. మా నాన్న ఊళ్లోనే లేడు" అన్నాను. ఆయన, "ఆ రోజు నీ నోటికి కూడా బోల్టు బిగించానా ఏంటి?" అన్నాడు. తరువాత, "సరే, పీపా అటు పట్టు" అన్నాడు. ఇద్దరం పీపా, కుండ, బస్తా అన్నీ చక్రాలకు కాస్త ముందుకు జరిపాం. గుండు మీద కూర్చునే కారవాన్ ముక్కు కింద తూకం పెట్టి చూశాం. యాభై రెండు కిలోలు. ఈ బండికి అంత ఉండాలట. గాడిద మెడకు బరువు తగలకూడదు, ఈ గుండుకు తగలాలి. లేకపోతే ఊగుతుంది.

ముక్కును రెండు చేతులా ఎత్తి చూశాను. బొచ్చు తీసిన ఆడ గొర్రె ఒకటి ఎంత ఉంటుందో సరిగ్గా అంతే ఉంది. నలభై ఏళ్లుగా నువ్వు రోజుకు ఎన్నో గొర్రెలను ఎత్తి దించుతున్నావు. నీకు తూకం అక్కర్లేదు. వచ్చే శనివారం పికప్ తీసుకుని నీ కోసం వస్తాను. నువ్వు వచ్చి ఎత్తి చూసి సరే అనేదాకా కారవాన్‌ను కదిలించను.

లీనా అత్తా, కత్తెరలు పక్కన పెట్టించి, అక్కడున్న వాళ్లందరికీ వినపడేలా ఇది ఒక్కటి మళ్లీ చదువు: సామాను తప్పుగా సర్దింది మా నాన్న కాదు, బడికి వెళ్లిన ఆయన కూతురు.

ఇట్లు,
నీ భుజాల మీద వాగు దాటిన
నీ కూతురు
సారీనా