అప్పు తీసుకున్నవాళ్లను ఎవరు చూశారు?

బెంగళూరు, 2007

నాయనా,

పగులుందేమోనని తట్టి చూడకుండా ఏ నాపరాయి బండనూ లారీ ఎక్కించనివాడివి, నీకు ఇది నచ్చుతుందని రాస్తున్నాను.

నీ సంవత్సరీకానికి తాడిపత్రి వెళ్లినప్పుడు అమ్మ నా ఉద్యోగమేమిటని అడిగింది. విదేశాల్లో వేల ఇళ్ల అప్పులను మూటకట్టి అమ్ముతారని, అవి తీరకపోతే డబ్బొచ్చేలా కొందరు బీమాలాంటి పత్రాలు కొంటారని, మూటైనా పత్రమైనా కొనేముందు మా నివేదికలు చదువుతారని చెప్పాను.

"ఆ అప్పుతో సంబంధం లేనోల్లు గూడా కొంటారా?"

"కొంటారుమా."

"ఇదేం యాపారమే. సరే, అప్పు తీసుకున్నోల్లని మీలో ఎవురన్నా చూసినారా?"

చూడలేదన్నాను, మేం చూసేది కాగితాలేనని.

తిరిగొచ్చాక అప్పుడు నా చేతిలో ఉన్న మూట కాగితాలన్నీ మొదటినుంచి చదివాను. చాలామంది ఆదాయానికి రుజువే లేదు. నివేదిక మొదటి పేజీలోనే ఆ మాట రాశాను. మా పైఅధికారి చదివి, కొట్టేయకుండా పంపించాడు.

నిన్న ఒక పెట్టుబడిదారు ఫోన్ చేశాడు. ఆ మూట కొనడం మానుకున్నాడట. ఈ సందేహం మీకెలా వచ్చిందని అడిగితే, మా అమ్మకు వచ్చిందని నిజమే చెప్పాను. అతను నవ్వలేదు. "ఆవిడ ఇంకేమడిగారు?" అన్నాడు.

ఆదివారం ఊరికి వెళ్లి అమ్మను అడుగుతాను. నువ్వుంటే ఇద్దరినీ కూర్చోబెట్టి అడిగేదాన్ని.

నీ కూతురు