నీ బీరువాలోని ఫైలు

పుంగనూరు

అక్కా,

కంగారు పడొద్దని రాయలేను. సుష్మ పక్కనే ఉంటుంది, ఫోన్లో చెప్పలేక ఈ ఉత్తరం కవరులో పెట్టి అంటించి కుప్పం బస్సు కండక్టరు చేతికిస్తున్నాను.

దాని కుడిచెయ్యి వాచింది. పెళ్లినాటి గాజులు ఎడమచేతికి వదులు, కుడిచేతికి ఎక్కడం లేదు. మెడ దాకా నీలంగా నరాలు తేలాయి.

నిన్న మదనపల్లెలో డాక్టరమ్మ దాని ఎదమీది మచ్చ చూసి, "చిన్నప్పుడు మందులెక్కించేదానికి ఈడ నరంలో ట్యూబు పెట్టినారా అమ్మా? పెట్టినోళ్లకు నరం మూసుకొని, ఇన్నేళ్లకైనా ఇట్ల వాస్తాది" అంది. పక్కన వియ్యపురాలు కూర్చుని ఉంది. "లేదమ్మా, ఉడుకునీళ్లు పడినాయి" అనేశాను. పద్దెనిమిదేళ్లుగా అందరికీ చెప్పిన మాటే నోటికొచ్చింది. నాలుగేళ్లప్పుడు బ్లడ్ క్యాన్సర్ వచ్చి నయమైందని దానికీ తెలియదు కదా. డాక్టరమ్మ నన్ను నమ్మి నొప్పి మాత్రలిచ్చి పంపింది. ఈరోజు వాపు ఇంకా పెరిగింది.

పెళ్లిచూపులకు ముందు నీ బీరువాలో దాచిన ఆసుపత్రి ఫైలు తీసుకుని రేపు మొదటి బస్సుకే రా. ఒక్కదాన్నే చెప్పలేను.

ఇందాక సుష్మ అద్దం ముందు నిలబడి అడిగింది: "అమా, ఉడుకునీళ్లు పడితే కుట్లు ఎందుకేసినారు?"

పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వచ్చేశాను. పొయ్యి మీద ఏమీ లేదక్కా.

నీ చెల్లెలు