అవ్వ వదిలిన చోటు

బోధన్, 9-2-1994

చెల్లె రేణుకకు, ఇక్కడ అందరం బాగున్నాం. అవ్వ మోకాలి నొప్పి తగ్గింది, భయపడకు.

నిజామాబాద్ మహిళా సంఘం వాళ్ళు అవ్వ కుట్టే బొంతలు అమ్మిపెడతామన్నారు. బొంత మూలకు కుట్టినవాళ్ళ పేరు, తారీఖు ఉండాలట. నేను సుద్దముక్కతో ‘అంజవ్వ’ అని రాసి, దాని మీద దారంతో కుట్టమన్నాను. అవ్వకు కోపమొచ్చింది. “పేరు, తారీఖు సచ్చినోళ్ళ దినాలకు పంచే గిన్నెల మీద కొట్టిస్తరు. నేనేమన్న సచ్చిన్నారా?” అన్నది. అది చెరిపించి, “నా పెనిమిటి పేరు రాయి” అని బాపు పేరు, బాపు పోయిన తారీఖు రాయించుకుని కుట్టింది. లోపల ఉన్నవి బాపు ధోతులే. సంఘం వాళ్ళు వద్దన్నారు. ఇప్పుడు ఆ బొంత అవ్వే కప్పుకుంటున్నది.

బావకు పసుపు ఉడకబెట్టే పని అయిందా? ఫ్యాక్టరీకి చెరకు వచ్చే రోజులు, నాకు సెలవు దొరకదు. నువ్వే ఒకసారి వచ్చిపో. వచ్చేటప్పుడు ఎర్రదారం తే. పిల్లలకు మా దీవెనలు.

బాపు పేరు కింద అవ్వ జానెడు చోటు వదిలింది. అక్కడ తన పేరు, తారీఖు నువ్వే కుట్టాలట, నా రాత వంకరట. తొందరేం లేదని కూడా రాయమన్నది.

నీ అన్న,
రామ్‌దాస్