చీలమండకు మేక నరం

మంగళవారం, ఉదయగిరి

ఈరోజు ఆత్మకూరు ఆసుపత్రిలో బావ కాలికి ఆపరేషన్ జరగాల్సింది. నా నోటి పుణ్యమా అని జరగలేదు.

కొండ మీద మేకలు కాసే మనిషి. కుడికాలి చీలమండ ఎన్నిసార్లు మడతపడిందో లెక్కలేదు. కట్లు, వ్యాయామాలు పనిచేయక, వదులైన లిగమెంటును బిగించి కుట్టాలన్నాడు డాక్టరు. నిన్న టీకొట్టు దగ్గర నేను ఊరుకోవచ్చు కదా.

"కుట్టేదేముంది బావా, మేక నరం పెడతారంట. ఇంక నువ్వూ బండల మీద దూకతావు" అన్నాను. అందరితోపాటు బావా నవ్వాడు.

తెల్లారేసరికి ఆసుపత్రి మానేసి మేకలతో కొండెక్కాడు. చెల్లెలు ఫోన్ చేస్తే పరుగెత్తాను. అబద్ధమని ఒట్టేశాను. నమ్మకపోతే డాక్టరుకే ఫోన్ కలిపి ఇచ్చాను. బావ కాసేపు విని తిరిగి ఇచ్చేశాడు.

"ఎవురి చేత మాట్టాడిస్తా ఉండావు బామ్మర్దీ? పోయినేడు నువ్వు ఫోన్లో మాట్టాడించిన దొంగ బ్యాంకు మేనేజరు గొంతు కూడా ఇట్నే ఉన్నింది."

అంటూ దిగబోయి, కాలు మెలికపడి రాళ్లలో కూలబడ్డాడు. పట్టుకోబోతే నా చెయ్యి తోసేశాడు. "పో, ఇది కూడా టీకొట్టులో చెప్పుకో."

సాయంత్రం చెల్లెలు చెప్పింది. "ఎల్లుండి రమ్మన్నారన్నా. ఆయన్ని నేను బతిమాలుకుంటా. నువ్వు మాత్రం రావద్దు. నిన్ను చూస్తే మళ్లీ ఎనక్కి తిరుగుతాడు."

సరేనన్నాను. బావ ఒప్పుకుంటే, ఆపరేషన్ గది బయట అది ఒక్కతే కూర్చుంటుంది.