గేటుకు తగిలించిన బోర్డు

అమ్మా, నాన్నా, నేను బాగున్నాను. అక్క అంత బాగా లేదు, కానీ నేను పక్కనే ఉన్నాను, కంగారు పడకండి. ఫోన్లో చెబితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారని ఈ కార్డు.

ఆదివారం అక్క మా కార్ల రంగుల షెడ్డుకు వచ్చింది. టీ తాగుతూ నాన్న పంపిన ఫోటో చూసింది. మన గేటు మీద అక్క పేరు, దాని ముందు ‘డాక్టర్’! థీసిస్ సగం కూడా కాలేదు, అప్పుడే ఎవరు రాయించమన్నారు నాన్నా?

“ఒరేయ్, నేనిది మానేస్తే ఆ బోర్డేం చేస్తార్రా?” అంది.

“నా దగ్గర గరుకు కాగితం ఉందిలే అక్కా, నాలుగు రుద్దులు రుద్దితే పోతుంది” అన్నాను.

నవ్వింది, నవ్వుతూనే ఏడ్చేసింది. నెలల తరబడి సరిగ్గా నిద్ర లేదట. రాసిందల్లా కొట్టేసి పంపడమే తప్ప ఆ గైడు ఒక్కసారీ పలకరించడట. వాడి మీద నా కోపం ఈ కార్డులో పట్టదు.

ఇలాంటి పిల్లల గోడు వినడానికి యూనివర్సిటీలో ఒక మేడం ఉన్నారు. అక్కను నేనే తీసుకెళ్లాను. ఇక వారం వారం వెళ్తుంది. పిచ్చీ కాదు, గిచ్చీ కాదు. పోస్ట్‌మాన్ చదివితే చదవనీ, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

అమ్మా, “ఇంకెన్నాళ్లే?” అని అడగడం ఆపు, తిన్నదో లేదో అడుగు. నీ మోకాలు ఎలా ఉంది? నా పాత స్వెటర్ పంపు, ఇక్కడున్నది అక్క కొట్టేసింది.

నాన్నా, ముందు ఆ బోర్డు విప్పండి. చదువు పూర్తయినా, మానేసినా ఇల్లు తనదేనని మీ చేత్తో అక్కకు ఒక కార్డు రాయండి. ఆ కార్డు మీద తన పేరు ఒక్కటే రాయండి, పేరు ముందు ఏమీ తగిలించకండి.

చెల్లికి మొట్టికాయ, మీకు దండాలు.
మీ చిన్నోడు