కూల్చేసే హాల్లో పియానో

1996 జనవరి 14, ఆదివారం

కో-ఆప్ స్టోరు గోడ మీద ఒక చీటీ. ఊరి పాత హాలు కూల్చేస్తున్నారట. అందులో పియానో ఉందట. నెలాఖరులోగా ఎవరైనా పట్టుకుపోవచ్చు, యాభై డాలర్లు. చీటీ పీకి జేబులో పెట్టుకున్నాను. చేసింది తప్పే. కానీ ఇంకెవరైనా చూస్తే?

మా ముందుగదిలో కార్పెట్ మీద నాలుగు గుంటలున్నాయి. ఓరెస్ట్ మొదటి భార్య మార్తా రెండేళ్ళ క్రితం విన్నిపెగ్ వెళ్ళిపోతూ తన పియానో తీసుకుపోయింది. దాని కాళ్ళ గుర్తులవి. ఆగస్టులో పెళ్ళై ఈ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను, ఆ చోట ఎవరూ కుర్చీ కూడా వెయ్యరు. లారిస్సా అయితే చుట్టూ తిరిగి నడుస్తుంది. పన్నెండేళ్ళ పిల్ల. స్నేహితుల్ని వదల్లేక తండ్రి దగ్గర ఉండిపోయింది. తల్లి వెళ్ళకముందు రోజుకి రెండు గంటలు వాయించేదట. ఆ తర్వాత పియానో మెట్టు ఒక్కటి ముట్టుకోలేదు. స్కూల్లో ఉన్న పియానో కూడా.

జనవరి 16, మంగళవారం

భోజనాల దగ్గర చెప్పేశాను. నీకు వాయించడం వచ్చా అని ఓరెస్ట్ అడిగాడు. రాదన్నాను. లారిస్సా పెరోగీ కుడుమొకటి ఫోర్కుకి గుచ్చి అలాగే పట్టుకుని, తన కోసమైతే కొనక్కర్లేదు, తను వాయించదు అంది.

నా కోసమే అన్నాను. అబద్ధం. అనేశాక మరీ అంత అబద్ధంలా కూడా అనిపించలేదు.

జనవరి 20, శనివారం

వెళ్ళి చూశాను. హాలు పైకప్పు ఒక వైపు దిగబడిపోయింది. తాళం మిసెస్ ప్రోకోప్‌చుక్ దగ్గరుంది. ఎనభై దాటిన మనిషి, కోటు మీద కోటు వేసుకుని నిలబడింది. తన పెళ్ళి డాన్సుకి ఈ పియానోనే వాయించారట. పెళ్ళికొడుక్కి డాన్సు రాదట, పియానో మీద మోచెయ్యి ఆనించి నిలబడ్డాడట సాయంత్రమంతా.

నేను టార్చి వేసి లోపలంతా చూశాను. ఎలకల గూడు ఒకటి. ఆరు మెట్లు పలకవు. మూడు తీగలు లేవు. ఇనుప చట్రంలో పగులు లేదు, అదీ ముఖ్యం. మూడేళ్ళు బురదలో మునిగిన కంబైన్ కోతయంత్రాన్ని నేను స్టార్ట్ చేశాను. పద్దెనిమిదేళ్ళుగా ట్రాక్టర్ షాపులో ఇంజన్లు విప్పుతున్నాను. ఇది కూడా యంత్రమే కదా.

ఇంట్లో వాయించేవాళ్ళున్నారా అని ఆవిడ అడిగింది.

ఉన్నారన్నాను. తడుముకోలేదు.

జనవరి 27, శనివారం

మైనస్ ముప్ఫై ఒకటి. షాపు నుంచి ఇంజన్లు ఎత్తే హాయిస్టు, ఫ్లాట్‌బెడ్ ట్రక్కు తెచ్చాను. ఓరెస్ట్, అతని తమ్ముడు స్లావ్కో సాయం. ఇంటి మెట్ల దగ్గర ఇద్దరూ చెరో వైపు లాగుతుంటే ఆపి, పలకలు వేసి, గొలుసు కట్టి, అంగుళం అంగుళం నేనే ఎక్కించాను. వదినా, దీన్ని తోలుకుంటూ పొలానికి కూడా వెళ్తావా అన్నాడు స్లావ్కో. నవ్వుతూ ఉంటే నవ్వనిచ్చాను.

లారిస్సా గది తలుపు వేసే ఉంది, దించేంత సేపూ.

జనవరి 28, ఆదివారం

నాలుగు గుంటలూ మూసుకుపోయాయి. ఇది కాస్త వెడల్పు.

ఫిబ్రవరి 9, శుక్రవారం

శ్రుతి చేసే లిండ్‌క్విస్ట్ గారు వచ్చారు. ఏడాదికి రెండుసార్లే మా ఊరి వైపు వస్తారు. పది నిమిషాలు చూశారు. ఒక పిన్ను బిగించారు, చెయ్యి తియ్యగానే అది మెల్లగా వెనక్కి తిరిగింది. మళ్ళీ బిగించారు, మళ్ళీ తిరిగింది. తన పనిముట్ల పెట్టె మూసేశారు.

"అమ్మాయ్, ఇది పియానో కాదు. పొయ్యిలోకి మంచి కలప. నా టైము, నీ డబ్బు, రెండూ వేస్టు."

తీగలు చుట్టిన పిన్నులు ఒక మందపాటి చెక్కలో దిగి ఉంటాయి. ఆ చెక్క ఎండిపోయింది, పిన్నుల్ని పట్టుకోవడం లేదు. అంతే సంగతి. నాలుగు ప్రశ్నలు అడిగాను. పిన్నుని ఇంకాస్త లోపలికి కొడితే? కొంతవరకు పట్టొచ్చు. కన్నం పెద్దదైతే లోపల ఏదైనా పెడితే? గరుకు కాగితం పెట్టేవాళ్ళున్నారు, మర్యాదైన పని కాదు. ఎన్ని పిన్నులు? రెండొందల పైన. చెక్క పగిలితే? అప్పుడు పొయ్యే.

కాఫీ తాగి, డబ్బు వద్దని వెళ్ళిపోయారు. మంచి మనిషి. కానీ నన్నెరగరు.

ఫిబ్రవరి 11, ఆదివారం

నట్లు తిప్పే ఎనిమిది మూలల సాకెట్ సరిగ్గా పడుతోంది పిన్ను మీద. పొడుగు పిడి వెల్డ్ చేశాను. నిన్నా ఇవాళా కూర్చుని పిన్నులన్నీ సుత్తితో ఒక్కొక్క దెబ్బ కొట్టాను. చెక్క పగల్లేదు. ఓరెస్ట్ తలనొప్పని స్లావ్కో ఇంటికి వెళ్ళాడు.

ఫిబ్రవరి 13, మంగళవారం

ఒక సంగతి ముందు ఆలోచించలేదు. నాకు వినబడదు. చెవుడు కాదు. రెండు తీగలు ఒకటిగా పలుకుతున్నాయో లేదో తెలియదు నాకు. నా చెవికి రెండూ టింగ్.

షాపు నుంచి పెందలాడే వచ్చి ఒకే పిన్ను అరగంట తిప్పాను. వంటింట్లో లారిస్సా హోంవర్కు చేసుకుంటోంది.

"ఇంకా పైకి," అంది.

ఫోన్లో ఎవరితోనో అనుకున్నాను. మళ్ళీ కొట్టాను.

"ఇంకా. ఆగు. దాటిపోయింది, దించు. ఇంకొంచెం. ఊఁ."

ఇటు రాలేదు. తల కూడా ఎత్తలేదు. ఆ ఒక్క మెట్టు పదిసార్లు కొట్టి చూశాను. నాకేం తేడా తెలియలేదు. ఆనందంగా ఉంది.

ఫిబ్రవరి 15, గురువారం

వంటింటి నుంచే పదకొండు తీగలు.

ఫిబ్రవరి 24, శనివారం

ఇప్పుడు పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంటోంది. పూర్తిగా వదులైన పిన్నులు పద్నాలుగు. పిన్ను బయటికి తీసి, కన్నంలో గరుకు కాగితం చుట్టి, మళ్ళీ దిగ్గొట్టడం. టార్చి తనది, సుత్తి నాది. పనిలో ఉన్నప్పుడు మాట్లాడుతుంది. ఎక్కువగా తిట్లే.

"నిజంగా తెలియట్లేదా నీకు? చెవుల్లో గ్రీజు పట్టేసిందా?"

పద్దెనిమిదేళ్ళ గ్రీజు అన్నాను. నవ్వింది. ఈ ఇంట్లోకి వచ్చి ఆరు నెలలైంది, ఆ పిల్ల నవ్వు ఎలా ఉంటుందో నాకిప్పుడే తెలిసింది. ముందు పళ్ళ మధ్య సందు ఉంది.

మార్చి 8, శుక్రవారం

తీగ తెగింది. పైన సన్నవాటిలో ఒకటి. లారిస్సా కుడి అరచేతి మీద కొట్టింది. హాస్పిటల్లో నాలుగు కుట్లు. నరాలకేం కాలేదన్నారు, వేళ్ళన్నీ కదిపించి చూశారు.

ఓరెస్ట్ రోడ్ల మీద మంచు తోసే స్నోప్లౌ బండి దిగి నేరుగా వచ్చాడు. కారిడార్లో అందరి ముందూ అన్నాడు. "దాని చేతులతో ఆటలా? అది నా కూతురు, డారియా."

నా అనే మాటని ఎంత గట్టిగా అన్నాడో. తప్పు నాదే. తుప్పు చూసి కూడా బిగించాను.

కారులో వెనక సీట్లోంచి లారిస్సా అంది, బిగించమన్నది తనేనని, నేను చాలన్నా వినలేదని. నిజం కాదు. నేను చాలనలేదు.

మార్చి 9, శనివారం

ఓరెస్ట్ పొద్దున్నే లేచి నా ట్రక్కు మీద మంచు గీకి, ఇంజన్ వేడెక్కించి పెట్టాడు. క్షమాపణ అతనికి అలాగే వచ్చు. తీసుకున్నాను. పైన తీగలన్నీ కొత్తవి తెప్పిస్తున్నాను. నా డబ్బుతో, నాకూ లారిస్సాకీ కళ్ళకి దెబ్బ తగలకుండా పెట్టుకునే అద్దాలతో సహా.

మార్చి 31, ఆదివారం

కుట్లు విప్పి పది రోజులైంది. మధ్యాహ్నం నేను గరాజ్‌లో చేతులు కడుక్కుంటున్నాను. పియానో వినిపించింది. శ్రుతి చూడ్డం కాదు. పాట.

మొదట తడబడింది. ఆగి, మొదటికి వచ్చి, మళ్ళీ అందుకుంది. ఆ తర్వాత ఆగలేదు. కుళాయి కట్టెయ్యడానికి భయపడ్డాను, ఆ చప్పుడు ఆగితే ఆ పిల్ల తలెత్తి చూస్తుందేమోనని. ఓరెస్ట్ వాకిట్లో ఒక బూటు విప్పి, రెండోది అలాగే ఉంచుకుని, గోడకానుకుని నిలబడ్డాడు. ముఖం అటు తిప్పుకున్నాడు.

అరగంట. మేమిద్దరం చెరో చోట.

ఇలా అవుతుందని నాకు ముందే తెలుసు. రాసి పెట్టుకుంటున్నాను. తెలుసు.

ఏప్రిల్ 19, శుక్రవారం

స్కూలు నుంచి తీసుకొస్తుంటే ట్రక్కులో చెప్పింది. తను మళ్ళీ వెళ్తున్న ఊళ్ళో టీచరు దగ్గర నేర్చుకోవడానికి ఇంకేం మిగల్లేదట. విన్నిపెగ్‌లో ఒకావిడ ఉందట. ఫోన్లో వినిపిస్తే చేర్చుకుంటానందట. అమ్మ దగ్గర ఉండి చదువుకోవచ్చట. ఆగస్టు నుంచి.

"నాన్నకి నువ్వే చెప్పు," అంది. "నేను చెప్తే ఏడుస్తాడు."

సరేనన్నాను. మా మలుపు దాటి రెండు మైళ్ళు పోయాక గాని చూసుకోలేదు.

ఏప్రిల్ 20, శనివారం

ఇక్కడ దాచేదేముంది. పొద్దున ఒక గంట పాటు, కటింగ్ ప్లయర్ తీసుకుని ఆ తీగలన్నీ తెంపెయ్యాలనిపించింది. ఇంజన్ నేనే బాగుచేశాను. బండి నా ముందు నుంచే వెళ్ళిపోతోంది. ఆ చీటీని గోడ మీదే వదిలేసి ఉంటే ఆ పిల్ల ఇక్కడే, ఏమీ వాయించకుండా, నాతో మాట్లాడకుండా, ఉండేది.

రాసి చూసుకుంటే అది కూడా ఏం బాగాలేదు.

ఓరెస్ట్‌కి చెప్పాను. మార్తా మళ్ళీ గెలిచిందన్నాడు. ఇది హాకీ కాదన్నాను. అప్పుడు అన్నాడు: "నువ్వు ఉండిపొమ్మంటే ఉండిపోతుంది. నేనంటే కాదు, నువ్వంటే. ఒక్క మాట అను."

నిజమే. అంటే ఉండిపోతుంది. నాకూ తెలుసు, అందుకే అతనికి తెలియకుండా ఉంటే బాగుండుననిపించింది.

ఏప్రిల్ 21, ఆదివారం

అనలేదు.

జూన్ 6, గురువారం

మార్తా ఫోను చేసింది. ఓరెస్ట్ లేడన్నాను. నాతోనే మాట్లాడాలంది. ఆమె గొంతు వినడం ఇదే మొదలు. నేననుకున్నంత పెద్ద గొంతు కాదు. గది, స్కూలు, బస్సు, అన్నీ వరసగా చెప్పింది. అన్నీ నేను అడగాలనుకున్నవే.

చివర ఆగి అడిగింది. "రెండేళ్ళు బతిమాలాను. నా ఇంటికి వచ్చినప్పుడు అది పియానో మూత కూడా తెరవలేదు. నువ్వేం చేశావు?"

"ఏం చెయ్యలేదు. నాకు వినబడదు. దానికి వినబడుతుంది. అంతే."

అవతల నవ్విందో, ఏడ్చిందో. ఇద్దరం తొందరగా పెట్టేశాం.

ఆగస్టు 24, శనివారం

ఐదు గంటల ప్రయాణం. ముగ్గురం ట్రక్కు ముందు సీట్లోనే. లారిస్సా మధ్యలో, మోకాళ్ళ మీద పొద్దుతిరుగుడు గింజల సంచీ. మా రాష్ట్రం సరిహద్దు దాటేదాకా ఓరెస్ట్ ఆపకుండా పాత జోకులే చెప్పాడు. ఆ తర్వాత ఒక్కటీ లేదు.

మార్తా ఇంట్లో పియానో చూశాను. నల్లగా, అద్దంలా ఉంది. లారిస్సా నన్ను పక్కకి లాక్కెళ్ళి మూత తీసి పిన్నులు చూపించింది. ఒక్కటైనా వదులుందేమో నొక్కి చూశాను. లేదు.

వెళ్ళేటప్పుడు కావలించుకుంది. గట్టిగా. పన్నెండేళ్ళ చేతుల్లో అంత బలం ఎక్కడిదో. పియానో నుంచే అనుకుంటా.

తిరుగు ప్రయాణంలో నేనే నడిపాను. ఓరెస్ట్ నా భుజం మీద తల పెట్టుకున్నాడు గాని నిద్రపోలేదు.

సెప్టెంబరు 17, మంగళవారం, సాయంత్రం 4:30

లారిస్సా ఫోను. రిసీవరు మన పియానో మీద పెట్టెయ్యి, నువ్వు వెళ్ళి నీ పని చూసుకో, నేనిక్కడ ప్రాక్టీసు చెయ్యాలి అంది. పెట్టాను. బంగాళదుంపలు తరుగుతున్నాను. రిసీవరులోంచి తన పాట సన్నగా, వినీ వినపడకుండా, ముందుగదంతా.

ఓరెస్ట్ తలుపు తీసుకుని వచ్చి, ఎవరు వాయిస్తున్నారన్నాడు.

బూట్లు విప్పి రా అన్నాను.